హ్యాకింగ్ నేర్చుకుంటానంటే ఉలిక్కిపడకండి

మహారాష్ట్రలోని బల్లార్షా, ఘుగ్గుస్, రాజురా, చంద్రపూర్ దుర్గాపూర్ వైపు తెలుగు ఇళ్లలో పిల్లల భవిష్యత్తుకు ఒక పాత లెక్క ఉంది. ఐటీఐ చేస్తే పవర్ స్టేషన్‌లో అప్రెంటిస్, డిప్లొమా చేస్తే బొగ్గు కంపెనీ డబ్ల్యూసీఎల్ పరీక్ష, ఇంజినీరింగ్ చేస్తే పుణేనో హైదరాబాదో. రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది కాబట్టి కొందరికి ఇది పుట్టిన నేలే. మిగతావాళ్ల తాతలు బాయి పనికో కాగితం మిల్లు పనికో కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అందరూ కోరుకునేది మాత్రం ఒకటే: గేటున్న కంపెనీ, నెల తిరిగేసరికి జీతం, వీలైతే క్వార్టర్. అలాంటి ఇంట్లో పన్నెండో తరగతి పిల్ల "బాపూ, నేను పెన్ టెస్టర్‌నైతా" అంటే ముందు ఎవరికీ అర్థం కాదు. "అంటే హ్యాకింగ్" అని ఆ పిల్ల విడమరిచి చెబితే, అప్పుడు మొదలవుతుంది భయం.

భయం వద్దని నేను చెప్పను. దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో తెలిస్తే చాలు.

పెనెట్రేషన్ టెస్టింగ్ అంటే ఇది. ఒక బ్యాంకు, ఒక ఆసుపత్రి, ఒక కరెంటు కంపెనీ తమ కంప్యూటర్లలోకి దొంగ ఏ దారిన దూరగలడో దొంగకంటే ముందే తెలుసుకోవాలనుకుంటాయి. అందుకు ఒక మనిషికి డబ్బిచ్చి, రాతపూర్వకంగా అనుమతిచ్చి, ఫలానా వ్యవస్థ మీద ఫలానా తేదీల్లో దాడి చేసి చూడమంటాయి. భూగర్భ గనిలో పనిచేసిన ఇంటికి దీన్ని వివరించడం తేలిక. షిఫ్ట్ వాళ్లు పని మొదలుపెట్టే ముందు మైనింగ్ సర్దార్ వెళ్లి కర్రతో పైకప్పు తట్టి చూస్తాడు. గట్టి మోత వస్తే సరే, డొల్ల మోత వస్తే దాని కింద ఎవరినీ నిలబడనివ్వడు. ఆయన్ని మేనేజర్ కాగితం మీద నియమిస్తాడు, గనిలో ఆయన చూడాల్సిన భాగం ఏదో హద్దు ఉంటుంది, చూసింది రిపోర్టు పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. పెన్ టెస్టర్ కొలువులోనూ ఆ మూడూ ఉన్నాయి: నియామక పత్రం, హద్దు, రిపోర్టు. మీ పిల్ల చెబుతున్నది దొంగల పని కాదని ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాటతో నచ్చజెప్పవచ్చు.

ఈ కొలువుకు గిరాకీ గాలిలోంచి పుట్టలేదు. 2018 ఆగస్టులో పుణేలోని కాస్మోస్ సహకార బ్యాంకు నుంచి సైబర్ దొంగలు 94 కోట్ల రూపాయలు ఎత్తుకెళ్లారు. 2022 జనవరిలో హైదరాబాద్‌లోని ఏపీ మహేశ్ సహకార అర్బన్ బ్యాంకు వంతు వచ్చింది. ఉద్యోగులకు అంతకు కొన్ని వారాల ముందే మోసపు ఈమెయిళ్లు వచ్చాయి, వాటిని నమ్మి తెరిచారు, ఆ సందులోంచి దొంగలు లోపలికి వచ్చి కూర్చున్నారు. 12 కోట్లకు పైగా సొమ్ము పోయింది. పోలీసులు తవ్వి చూస్తే, ఉండాల్సిన మామూలు రక్షణలే సరిగ్గా లేవని తేలింది. 2023లో రిజర్వ్ బ్యాంకు ఆ బ్యాంకుకు 65 లక్షల జరిమానా వేసింది. ఇది మహా మాయగాళ్ల కథేమీ కాదు, గమనించండి. ఎవరైనా ఒక్కరు ముందే తట్టి చూసి ఉంటే డొల్ల మోత వినిపించేది.

ఇప్పుడు తట్టి చూడక తప్పదు. రిజర్వ్ బ్యాంకు 2023లో ఇచ్చి 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఆదేశాల ప్రకారం, వాణిజ్య బ్యాంకులు తమ కీలక వ్యవస్థలకు కనీసం ఏడాదికొకసారి పెనెట్రేషన్ టెస్ట్ చేయించాలి. ఇలాంటి ఆడిట్లు చేసే కంపెనీల జాబితాను కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. ఈ జాబితాను గుర్తుపెట్టుకోండి, చివర మళ్లీ పనికొస్తుంది.

చంద్రపూర్ వాళ్లకు బ్యాంకులకంటే దగ్గరి ఉదాహరణ ఒకటుంది. డాబా మీదికెక్కితే కనిపించే ఆ చిమ్నీలు. 2,920 మెగావాట్ల సూపర్ థర్మల్ పవర్ స్టేషన్. బాయిలర్‌లో ఎంత బొగ్గు పడాలి, టర్బైన్ ఎంత వేగంతో తిరగాలి, బ్రేకర్ ఎప్పుడు తెరుచుకోవాలి అన్నవి ఇలాంటి ప్లాంట్లలో కంప్యూటర్ తెర మీదినుంచే నడుస్తాయి. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో పంపిణీ సంస్థల కంట్రోల్ రూముల్లోకి సైబర్ దాడిగాళ్లు చొరబడి బ్రేకర్లు తెరిచేశారు. ఆపరేటర్లు చూస్తుండగానే మౌస్ దానంతటదే కదిలింది, రెండు లక్షల మందికి పైగా వినియోగదారులకు కరెంటు పోయింది. మన దగ్గర 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల కంప్యూటర్లు దాడికి గురై ఆన్‌లైన్ సేవలు నిలిచిపోయాయి. 2021 అక్టోబర్‌లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ విద్యుత్ రంగానికంతటికీ సైబర్ భద్రత మార్గదర్శకాలు జారీ చేసింది.

దీన్నిబట్టి నాకు తోచింది చెబుతాను. కోడ్ రాయడం వచ్చిన కుర్రాళ్లు హైదరాబాద్‌లో, బెంగళూరులో కొల్లలు. ప్లాంటు యంత్రాల్ని నడిపే పీఎల్‌సీ అంటే ఏమిటో, ఒక వాల్వ్ తప్పుడు సమయంలో మూసుకుంటే ఏమవుతుందో తెలిసి, పైగా నెట్‌వర్క్ భద్రతా తెలిసినవాళ్లు తక్కువ. ఇన్‌స్ట్రుమెంటేషన్‌లోనో ఎలక్ట్రికల్‌లోనో డిప్లొమా చదువుతున్న మీ అబ్బాయికి హ్యాకింగ్ మీద మనసు పోయిందంటే, ఆ డిప్లొమా మాన్పించి కంప్యూటర్ కోర్సులో వేయాలని తొందరపడకండి. ఆ చదువే అతని బలం కావచ్చు. ప్లాంట్‌లో పనిచేసి రిటైరైన మామయ్యో బాబాయో ఉంటే, కంట్రోల్ రూం ఎలా నడిచేదో ఆయన నోట వినమనండి. ఆ అనుభవం ఏ కోర్సులోనూ దొరకదు. అయితే పారిశ్రామిక వ్యవస్థల్ని పరీక్షించడం కొత్తవాళ్ల చేతికి ఇచ్చే పని కాదు. అక్కడ పొరపాటు జరిగితే నష్టం వెబ్‌సైట్‌తో ఆగదు. అది ఐదారేళ్ల తర్వాతి మాట.

ఇక భయపడాల్సిన చోటు. నా దృష్టిలో ఈ దారిలో తల్లిదండ్రుల కాపలా అవసరమైన చోటు అనుమతి ఒక్కటే. మిగతాదంతా పిల్లలు నేర్చుకుంటారు.

సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43వ సెక్షన్ మొదలయ్యేదే యజమాని లేదా బాధ్యుడి అనుమతి లేకుండా అన్న షరతుతో. అనుమతి లేకుండా ఇంకొకరి కంప్యూటర్‌లోకి వెళ్లి, అది మోసపు బుద్ధితో చేసినట్టు తేలితే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ప్రభుత్వం రక్షిత వ్యవస్థలుగా ప్రకటించినవాటి జోలికి వెళ్తే 70వ సెక్షన్ కింద పదేళ్ల దాకా. "నేనేమీ తీసుకోలేదు, ఊరికే చూశా" అన్నది పదిహేడేళ్ల పిల్లలు చెప్పే మాట. ఊరికే చూడాలన్నా చట్టం ముందు అనుమతి అడుగుతుంది. కాలేజీ ఫలితాల సైట్, పక్కింటి వైఫై, ఊళ్లో పెద్ద దుకాణం బిల్లింగ్ కంప్యూటర్: చేయి దురద పెట్టేది ముందు వీటి దగ్గరే.

2024 జూన్‌లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారాన్ని దొంగిలించి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టాడని ఇరవై ఏళ్ల విద్యార్థిని పోలీసులు అరెస్టు చేశారు. ఎక్కడో ఉత్తరాదిన ఉన్నవాడిని వెతికి పట్టుకున్నారు. ఆ కేసులో తీర్పు కోర్టు చెబుతుంది, మనం కాదు. కానీ ఆ వయసు చూడండి. ఆ నైపుణ్యంతోనే అనుమతి ఉన్న చోట కూర్చుంటే జీతం వచ్చేది.

మంచి ఉద్దేశం ఉంటే సరిపోతుందా? అదీ చాలదు. మహారాష్ట్రకూ హైదరాబాద్‌కూ ముడిపడిన ఒక ఉదంతం ఉంది. 2010లో హైదరాబాద్ ఇంజినీరు హరి కె. ప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కు చెందిన రాప్ గాంగ్‌రైప్ కలిసి మన ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రం ఒకదాన్ని విప్పి చూసి, దాన్ని ఎలా తారుమారు చేయవచ్చో పరిశోధన పత్రం రాశారు. యంత్రాన్ని ఇచ్చిన వ్యక్తి ఎవరో బయటపెట్టలేదు. ఆగస్టులో మహారాష్ట్ర పోలీసులు హైదరాబాద్‌లో ప్రసాద్ ఇంటికి వచ్చి, ముంబయి కలెక్టర్ కార్యాలయం నుంచి ఆ యంత్రం దొంగిలించారన్న కేసులో అరెస్టు చేసి తీసుకెళ్లారు. బెయిల్ రావడానికి వారం పట్టింది. ఆ ఏడాదే అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆయనకు పయొనీర్ అవార్డు ఇచ్చింది. ఓటింగ్ యంత్రాల వివాదంలో ఎవరు ఒప్పో తేల్చడం ఇక్కడ నా పని కాదు. ఒకే పనికి ఒక చేత్తో అవార్డు, ఇంకో చేత్తో సంకెళ్లు వచ్చాయంటే, యజమాని ఇచ్చిన కాగితం లేకుండా చేసే పరీక్ష ఎంత బరువైనదో పిల్లలకు తెలియాలి. పేరున్న నిపుణుడు కాబట్టి ఆయన తరఫున ప్రపంచం మాట్లాడింది. మన క్వార్టర్స్ పిల్లాడి తరఫున ఎవరు మాట్లాడతారు?

కాగితం ఉన్నా అది సరైనవాడు ఇచ్చిందో లేదో చూసుకోవాలి. 2019 సెప్టెంబర్‌లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఇద్దరు పెన్ టెస్టర్లు రాష్ట్ర న్యాయవ్యవస్థ ఇచ్చిన ఒప్పందంతోనే రాత్రిపూట ఒక కౌంటీ కోర్టు భవనంలోకి వెళ్లారు. భవనం కౌంటీది, కాగితం రాష్ట్రానిది. షెరీఫ్ ఆ కాగితాన్ని ఒప్పుకోలేదు. ఇద్దరూ ఆ రాత్రి జైల్లో గడిపారు, కేసు కొట్టేయడానికి 2020 జనవరి దాకా పట్టింది. ఈ కథ ఇంట్లో భోజనాల దగ్గర చెప్పండి. పిల్లలు నవ్వుతారు, కానీ మరిచిపోరు.

మరి అనుమతి చిక్కు లేకుండా ఎక్కడ నేర్చుకోవాలి? దానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు, అసలు చిక్కు అదే. డబ్బు పెట్టకపోతే పిల్లలకు అన్యాయం చేస్తున్నామేమో అని మనకు అనిపిస్తుంది. సొంత లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, అందులో హ్యాకింగ్ సాధనాలున్న కాలీ లినక్స్ ఒక పక్క, దాడి చేయడం కోసమే తయారుచేసిన బలహీనమైన యంత్రం ఇంకో పక్క పెట్టుకుంటే ఇంట్లోనే ప్రయోగశాల. ఇక్కడ యజమాని తానే కాబట్టి అనుమతి గొడవ లేదు. 8 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది, 16 ఉంటే సుఖం. ఖర్చు పెట్టదలిస్తే అక్కడ పెట్టండి. ఓవర్‌ద‌వైర్ వాళ్ల బాండిట్ ఆటలో లినక్స్ ఓనమాలు నేర్చుకోవచ్చు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నడిపే పికోసీటీఎఫ్ స్కూలు పిల్లల కోసమే పెట్టింది. వెబ్‌సైట్ల లోపాలు నేర్చుకోవడానికి పోర్ట్‌స్విగ్గర్ సంస్థ వెబ్ సెక్యూరిటీ అకాడమీని మించింది నేను చూడలేదు. ఇవన్నీ ఉచితం. ట్రైహ్యాక్‌మీలో కొంత ఉచితం, కొంత చందా.

ఆ తర్వాత వచ్చేవాళ్లు కోర్సులు అమ్మేవాళ్లు. నాగ్‌పూర్‌లోనూ ఉన్నారు, హైదరాబాద్ అమీర్‌పేటలోనూ ఉన్నారు. నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్ అని బోర్డు పెట్టినచోట చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరగండి. మిగతాచోట రెండు ప్రశ్నలు వేయండి. పాఠం చెప్పే ఆయన స్వయంగా ఈ పని ఎక్కడైనా చేశారా? నెట్‌వర్కింగ్, లినక్స్ చెప్పాకే హ్యాకింగ్ చెబుతారా, మొదటి రోజే కాలీ తెరుస్తారా? మొదటి రోజే కాలీ అన్న జవాబు వస్తే మీ డబ్బు ఆకర్షణకు పోతోందన్నమాట. ఇంజినీరింగ్ అయ్యాక పద్ధతిగా చదవాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల పీజీ డిప్లొమా ఉంది, సీ-క్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి.

సర్టిఫికెట్ల సంగతి. సీఈహెచ్ అన్న పేరు ఎక్కువ వింటారు. దాని ప్రధాన పరీక్ష 125 బహుళైచ్ఛిక ప్రశ్నలు, నాలుగు గంటలు. ఉద్యోగ ప్రకటనల్లో ఆ పేరు కనిపిస్తుంది కాబట్టి వృథా అనను, కానీ ఇల్లు అలకగానే పండగ కాదు. ఓఎస్‌సీపీ వేరే రకం. 23 గంటల 45 నిమిషాలు కెమెరా ముందు కూర్చుని నిజంగా యంత్రాల్లోకి చొరబడాలి, తర్వాత 24 గంటల్లో రిపోర్టు రాసి పంపాలి. వందకు డెబ్బై మార్కులు రావాలి. కోర్సుతో కలిపి లక్షన్నర రూపాయల దరిదాపుల్లో అవుతుంది. తప్పితే మళ్లీ కట్టాలి. దీనికోసం చదువుతుండగానే అప్పు చేయకండి, గాజులు తాకట్టు పెట్టకండి. ఏదో ఒక ఐటీ ఉద్యోగంలో చేరాక పిల్లలే తమ జీతంతో కట్టుకుంటే, లేదా కంపెనీ చేత కట్టిస్తే, ఆ పరీక్షను చూసే తీరే వేరుగా ఉంటుంది.

ఎందుకంటే పెన్ టెస్టింగ్ చాలామందికి మొదటి ఉద్యోగం కాదు. ఈ మాట యూట్యూబ్‌లో చెప్పరు. నెట్‌వర్క్ సపోర్ట్, హెల్ప్ డెస్క్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, లేదా కంపెనీ కంప్యూటర్ల మీద రాత్రింబగళ్లు కన్నేసి ఉంచే సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్: ఎక్కువమంది వీటిలో ఒకదాంట్లో రెండు మూడేళ్లు చేసి ఇటు వస్తారు. ఒక సర్వర్ ఎలా కడతారో చేత్తో చేసినవాళ్లకే అది ఎక్కడ పగులుతుందో తెలుస్తుంది. ఆపరేషన్స్ సెంటర్లో మూడు షిఫ్టులుంటాయి. బంధువులు "అంత చదివించి నైట్ డ్యూటీయా" అంటారు, ముఖ్యంగా ఆడపిల్ల విషయంలో. మూడు షిఫ్టులతో బతికిన ఇళ్లు మనవి. ఆ మాటకు జవాబు చెప్పడం మనకు కష్టం కాకూడదు. క్యాబ్ ఉందా, హాస్టల్ ఎంత దూరం అని అడగండి, అది న్యాయమైన ప్రశ్న. ఉద్యోగమే వద్దనకండి.

బగ్ బౌంటీ అనే మాట కూడా మీ చెవిన పడుతుంది. కంపెనీలు తమ లోపాలు కనిపెట్టినవాళ్లకు బహుమతి ఇచ్చే పద్ధతి ఇది. చెన్నైకి చెందిన లక్ష్మణ్ ముత్తయ్యకు 2019లో ఇన్‌స్టాగ్రామ్ లోపానికి 30,000 డాలర్లు, 2021లో మైక్రోసాఫ్ట్ లోపానికి 50,000 డాలర్లు వచ్చాయి. నిజమే. కానీ వేలమంది వెతికితే ఒకరికి దొరికే సొమ్ము అది, నెల ఖర్చులకు నమ్ముకునేది కాదు. నేర్చుకోవడానికి మంచిదే, షరతుల పత్రంలో ఏ సైట్ ముట్టుకోవచ్చో ఏది ముట్టుకోకూడదో చదివితేనే. ఆ పత్రాన్ని పిల్లల చేత ఒకసారి మీకు చదివించి చెప్పించుకోండి.

చదివించి చెప్పించుకోమన్నది ఊరికే అన్నమాట కాదు. ఈ వృత్తిలో చివరికి చేతికిచ్చే సరుకు రిపోర్టు. లోపం ఏమిటి, దానివల్ల బ్యాంకుకు ఏమవుతుంది, ఎలా సరిచేయాలి అన్నది కంప్యూటర్ తెలియని మేనేజర్‌కు అర్థమయ్యేలా రాయాలి, చెప్పాలి. గొప్పగా చొరబడి, చెప్పడం రాక వెనకబడినవాళ్లు బోలెడు. వారానికోసారి ఈ వారం ఏం నేర్చుకున్నావో మాకు చెప్పు అని కూర్చోబెట్టండి. మీకు అర్థం కాకపోతే తప్పు మీది కాదు, ఇంకోసారి చెప్పమనండి. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, బజార్లో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు మనవాళ్లు. జిల్లా సహకార బ్యాంకులో అధికారి ఎదుట మరాఠీలో కూర్చుని విషయం విప్పి చెప్పగలిగిన ఆడిటర్‌కు విలువ ఎందుకుండదు? ఇంగ్లీషు రాత మీద మాత్రం శ్రమ పెట్టాలి, రిపోర్టులు అందులోనే ఉంటాయి. మామూలు స్కానింగ్ పనిని ఇప్పుడు ఏఐ సాధనాలే చేస్తున్నాయి కాబట్టి, ఆలోచించి రాయగలిగినవాళ్లకే ముందు ముందు చోటు.

కొన్ని గుర్తులు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకండి. పేర్లు చెప్పని స్నేహితులతో టెలిగ్రామ్ గుంపులు, ఎక్కడినుంచో తెలియని క్రిప్టో సొమ్ము, మీరు గదిలోకి రాగానే తెర మూసేయడం, ఎవరి పాస్‌వర్డో సంపాదించానని గొప్పలు. లాప్‌టాప్ లాక్కుంటే ఫోన్‌లో చేస్తారు. ఎవరి అనుమతితో చేశావు అని అడగండి, జవాబు వచ్చేదాకా అడగండి. పొరపాటున ఏదైనా సైట్‌లో లోపం కంటపడితే, ఇంకా లోపలికి వెళ్లకుండా, ఏదీ దింపుకోకుండా ఆగి, సెర్ట్-ఇన్‌కు రాయమనండి. లోపాలు తెలియజేయడానికి వాళ్ల దగ్గర పద్ధతి ఉంది.

ఇక ఉద్యోగం వచ్చిందన్న రోజు. ఆఫర్ లెటర్ పట్టుకుని పిల్లలు ఎగిరి గంతేస్తుంటే మీరు నిదానంగా రెండు పనులు చేయండి. కంపెనీ ఆడిట్ సంస్థనని చెప్పుకుంటే, ఇందాక అన్న సెర్ట్-ఇన్ జాబితాలో దాని పేరు ఉందేమో చూడండి. లేకపోతే మోసమని కాదు, ఇంకొంచెం వాకబు చేయాలని. డిపాజిట్ కట్టమన్నా, ట్రైనింగ్ ఫీజు పేరుతో డబ్బడిగినా అక్కడితో ఆపేయండి. విదేశంలో కంప్యూటర్ ఉద్యోగం, టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి అని ఏజెంటు అంటే అసలు పంపవద్దు. డేటా ఎంట్రీ పని అని చెప్పి ఆంధ్ర యువకుల్ని కంబోడియాకు తరలించి, అక్కడ నిర్బంధించి, మనవాళ్లనే మోసం చేసే సైబర్ నేరాలు చేయించిన ముఠా ఏజెంట్లను 2024 మేలో విశాఖపట్నం పోలీసులు పట్టుకున్నారు. కంప్యూటర్ వచ్చిన పిల్లలంటే అలాంటివాళ్లకు మరీ ఇష్టం. పుణేనో హైదరాబాదో అయితే, చేరే రోజు మీలో ఒకరు వెంట వెళ్లి ఆఫీసు చూసి రండి. బల్లార్షాలో బండెక్కితే సికింద్రాబాద్ ఎంతో దూరం లేదు.